సోబా మీద నారింజ తొక్క

ఇన్సాఫ్ టీచరమ్మ ఫైర్ స్టేషన్‌లో అడుగుపెట్టి చెప్పిన మొట్టమొదటి మాట: "బయటికి తెచ్చాక వదలకండి."

పన్నెండు మంది మగాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, చిన్న గిన్నెల్లో ఏలకుల కాఫీ చప్పరిస్తూ విన్నారు. విన్నారంటే ఏదో చెవిన వేసుకున్నారు. ఇరవై ఏళ్ళుగా మంటల్లో దూకుతున్న వాళ్ళకి బడిపంతులమ్మ వచ్చి మంటల గురించి చెప్పడమేమిటని ఒక్కొక్కడి మొహంలోనూ రాసే ఉంది. అందరికంటే పెద్ద అక్షరాలతో సార్జెంట్ ముఫ్లిహ్ మొహంలో ఉంది. ఆయన పెద్దకొడుకు పేరు సఖర్, అందుకని స్టేషనంతా ఆయన్ని అబూ సఖర్, అంటే సఖర్ నాన్న, అంటుంది. ఐన్ అల్ లౌజ్ కొండమీద ఏ ఇంటికి ఎన్ని మెట్లున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆ సంగతి ఆయనకీ బాగా తెలుసు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"మా అమ్మాయి రువైదాకి ఇరవై ఏళ్ళు," అంది ఇన్సాఫ్. "ఆటిజం. మాటలు రావు. దానికి ఎనిమిదేళ్ళప్పుడు మా వంటింట్లో మంటలు లేచాయి. పక్కింటివాళ్ళు దాన్ని ఎత్తుకొచ్చి వీధిలో దించారు. దించి వదిలేశారు. అది సరాసరి మళ్ళీ పొగలోకి వెళ్ళిపోయింది. దానికి వీధంటే భయం, జనమంటే భయం, మీ సైరన్ అంటే మరీ భయం. ఇల్లొక్కటే దానికి క్షేమం. ఆ ఇల్లు తగలబడిపోతున్నా సరే, అదే క్షేమం. ఆ రోజు నేనున్నాను కాబట్టి లాక్కొచ్చాను. నేను లేని రోజు ఎవరు లాక్కొస్తారు? అది అడగడానికే మీ దగ్గరికి వచ్చాను."

ముఫ్లిహ్ గొంతు సవరించుకున్నాడు.

"వదలకండి అంటే... చెయ్యి పట్టుకోమనా, టీచరమ్మా?"

"ఏం అబూ సఖర్, పెళ్ళిచూపులకి తీసుకెళ్ళినట్టు అంత సిగ్గుపడుతున్నావు!" అన్నాడు షిబ్లీ. స్టేషన్‌లో నోటి దురుసు వాడిదే. అందరూ నవ్వారు.

నవ్వారు గానీ, ముఫ్లిహ్ అడిగిన దాంట్లో అర్థముంది. ఆ ఊళ్ళో ఫైర్‌వాళ్ళు ఏ ఇంట్లోంచి ఆడకూతుర్ని బయటికి తెచ్చినా గుమ్మం దాకానే తేవడం. గుమ్మం దాటగానే వాడకట్టు ఆడవాళ్ళు శాలువా కప్పి చేతుల్లోకి తీసుకుంటారు, మగాడు తల తిప్పుకుని తన పనికి పోతాడు. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, అందుకే ఎవడూ తప్పడు. పెళ్ళికాని పిల్ల చెయ్యి నడివీధిలో అవసరానికి మించి ఒక్క నిమిషం పట్టుకుంటే ఊరు ఏడాదిపాటు మాట్లాడుకుంటుంది. పైగా రువైదాని ఎవరైనా ముట్టుకుంటే తన మణికట్టు తనే కొరుక్కుంటుందని ఇన్సాఫే చెప్పింది.

రెండ్రోజులు ఆలోచించి ముఫ్లిహే ఉపాయం కనిపెట్టాడు. ఒక నీలం తువ్వాలు. ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస రువైదా చేతిలో. ముట్టుకున్నట్టూ కాదు, వదిలేసినట్టూ కాదు. ఆ మాట వినగానే ఇన్సాఫ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బడిపంతులమ్మని ఏడిపించినందుకు ముఫ్లిహ్ ఆ రాత్రి భార్య దగ్గర మూడుసార్లు గొప్ప చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం సాయంత్రం ఇన్సాఫ్ ఇంట్లోనే తర్ఫీదు. రాతి మేడ, పైన ఒకటే పెద్ద గది, దాని పక్కన వంటిల్లు, కిందికి పద్దెనిమిది మెట్లు. చలికాలం కాబట్టి ఆ గది మధ్యలో చలి కాచుకునే కిరసనాయిలు సోబా వెలుగుతూనే ఉంటుంది, దాని నెత్తిన టీ కెటిల్ కూర్చునే ఉంటుంది. రువైదా చోటు కిటికీ కింద మూల పరుపు. అక్కడ కళ్ళు మూసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంటుంది.

సైరన్ లేకుండా ఒక్కొక్కడూ మెట్లెక్కాలి. గడప దగ్గర హెల్మెట్ తీసి మొహం చూపించాలి. గొంతు తగ్గించి, "రువైదా, నేను ఫలానా. బయటికి వెళ్దాం," అనాలి. పది అంకెలు మనసులో లెక్కపెట్టుకుంటూ ఆగాలి. మన మగాళ్ళకి నిప్పుల్లో దూకడం తేలిక గానీ, పది లెక్కపెట్టేదాకా నోరు మూసుకోవడం ప్రాణసంకటం. షిబ్లీ మొదటిరోజు నాలుగు దాటలేకపోయాడు.

తువ్వాలు కొస చాపితే రువైదా లేచి పట్టుకుంటుంది. పద్దెనిమిది మెట్లు దిగుతుంది. గుమ్మం బయట చెప్పులేసుకుని నిలబడుతుంది. తల్లి ఆ చేతిలో నారింజ తొన ఒకటి పెడుతుంది. ముఫ్లిహ్, "అయిపోయింది, శభాష్!" అంటాడు. తొన తినగానే మళ్ళీ పైకి, తన చోటుకి. తర్వాతివాడి వంతు. నారింజలో ఎన్ని తొనలుంటే అన్నిసార్లు. ఆఖరి తొన అయ్యాక ఇన్సాఫ్ ఆ తొక్కని సోబా మీద పెడుతుంది. అది వేడెక్కి గదంతా నారింజ వాసన నిండగానే రువైదా గాఢంగా ఊపిరి పీల్చుకుని, తనంతట తనే కిందికి దిగి, తల్లితో ఊటబావి దాకా షికారు వెళ్తుంది. అది ఆ రోజుకి ముగింపు.

చెప్పులు విప్పడంలో ఆ పిల్లకో పద్ధతుంది. మళ్ళీ పైకి వెళ్ళాల్సి ఉంటే రెండు చెప్పులూ పక్కపక్కన, ముక్కులు ఇంటివైపు పెట్టి విప్పుతుంది. తొక్క వాసన వచ్చి దిగినప్పుడు వాటిని వీధివైపు తిప్పుకుని తొడుక్కుంటుంది. ఈ తిప్పడం ముందు షిబ్లీ కనిపెట్టాడు, దానికి అందరూ నవ్వుకున్నారు.

ముఫ్లిహ్‌కి చాలా కష్టమైంది పిల్లని కిందికి తేవడం కాదు, తిరిగి పైకి పంపడం. మొదటి రెండు వారాలు ఇంకో తొన కోసం గుమ్మం దగ్గర బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయేది. పదిమందికీ తర్ఫీదు కావాలంటే ఆమె తిరిగి వెళ్ళి కూర్చోవాలి కదా. ముఫ్లిహ్ ఓపిగ్గా మెట్లవైపు వేలు చూపిస్తూ, "వెనక్కి, నీ చోటుకి," అని వందసార్లు చెప్పాడు. వెళ్ళిన ప్రతిసారీ చప్పట్లు కొట్టకుండా రెండు అరచేతులూ గాల్లో ఊపాడు, చప్పట్ల మోత ఆమెకి పడదని. నాలుగో మంగళవారానికి పని పట్టాలెక్కింది. తొన తినడం, చెప్పులు విప్పడం, మెట్లెక్కడం.

"చూశారా! చెప్పక్కర్లేకుండా తనే వెనక్కి వెళ్తోంది!" అని ముఫ్లిహ్ వీధి దద్దరిల్లేలా అన్నాడు, వెంటనే నోరు మూసుకున్నాడు.

"మీ అందరికంటే దానికే క్రమశిక్షణ ఎక్కువ," అంది పక్కింటి ఉమ్ జిర్యెస్. డెబ్భై ఏళ్ళ ముసలావిడ, నలభై ఏళ్ళుగా ఇన్సాఫ్‌కి గోడ అవతలి అక్క. తర్ఫీదు జరిగినన్నాళ్ళూ తన గుమ్మంలో పీట వేసుకుని ఒక్క మంగళవారం కూడా తప్పకుండా చూసింది.

లెఫ్టినెంట్ బర్జస్ వయసులో చిన్నవాడు, కాగితం మీద చెయ్యి తిరిగినవాడు. ఆ తర్ఫీదంతా ఫొటోలతో సహా ఆరు పేజీలు రాసి, పైన ముఫ్లిహ్ పేరు పెట్టాడు. జనవరి ఆఖరి మంగళవారం రాజధాని నుంచి పెద్ద అధికారి వచ్చి కళ్ళారా చూస్తాడని కబురొచ్చింది. ముఫ్లిహ్ యూనిఫాం ఇస్త్రీకి ఇచ్చాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన పేరు కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు.

ఆ మంగళవారానికి పది రోజుల ముందు, శనివారం సాయంత్రం ఇన్సాఫ్ ఫోన్ చేసింది.

"అబూ సఖర్, నాకొకటి మనసులో తొలుస్తోంది. నిన్న వంటింట్లో రొట్టెలు మాడిపోయాయి. పొగ నిండింది. రువైదా లేచి, కొక్కేనికున్న తువ్వాలు తీసుకుని, తనే గుమ్మం దాకా దిగింది."

"ఇంకేం మరి! పండగ చేసుకోవాలి టీచరమ్మా! మీ అమ్మాయి మా ఉద్యోగం కూడా చేసిపెట్టేట్టుంది."

"మొత్తం వినండి. దిగింది. నిలబడింది. చెప్పులు విప్పి మళ్ళీ పైకొచ్చింది. పొగలోకి. వచ్చి తన చోట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది."

ముఫ్లిహ్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"అది మీరు వస్తారని కూర్చుంది," అంది ఇన్సాఫ్. "మనం దానికి బయటికి రావడం నేర్పామా, తిరిగి లోపలికి వెళ్ళడం నేర్పామా? నాకు భయంగా ఉంది. నేను మొదటిరోజు ఏం చెప్పాను? వదలకండి అన్నాను. పదిసార్లు తెచ్చి పదిసార్లూ వదిలాం కదా."

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ముఫ్లిహ్‌కి అర్థం కాక కాదు. తర్ఫీదు అంతా మార్చాలి, ఒక్కసారే తేవాలి, తెచ్చి వీధి చివరిదాకా నడిపించాలి, ఆ రోజుకి మళ్ళీ ఇంట్లోకి పంపకూడదు. ఇదంతా ఫోన్ చెవి దగ్గర ఉండగానే ఆయన బుర్రలో మెరిసింది. దానితోపాటు పెద్ద అధికారి మొహమూ మెరిసింది. పది రోజుల్లో పిల్లకి కొత్త పద్ధతి ఎక్కదు. అధికారి ముందు గుమ్మంలో కూలబడి మణికట్టు కొరుక్కుంటే?

"మంగళవారం అయిపోనివ్వండి టీచరమ్మా. బుధవారం నుంచి మొత్తం మార్చేద్దాం. నా మాట."

"మీ మాటే కదా నమ్ముకున్నాను," అంది ఇన్సాఫ్.

మంగళవారానికి రెండ్రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి స్టేషన్‌లో గంట మోగింది. బయట జోరువాన. చిరునామా వినగానే ముఫ్లిహ్ అడగకుండానే మొదటి సిలిండర్ వీపుకి తగిలించుకున్నాడు.

వెలుగుతున్న సోబాలో కిరసనాయిలు పోయకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా కొండమీద అందరూ పోస్తారు. ఆర్పి, చల్లారనిచ్చి, పోసి, మళ్ళీ వెలిగించేసరికి గది చలికి బిగుసుకుపోతుంది, ఇంట్లో పిల్లలుంటారు. అక్కడ బడికి సెలవు శుక్రవారం, ఆదివారం కాదు; ఇన్సాఫ్ బడి నుంచి తడిసి వచ్చింది. కూతురు వణుకుతోంది. ఆర్పకుండా పోసింది.

ఆ వీధంతా మెట్లే, బండి ఎక్కదు. పైపులు భుజాన వేసుకుని తొంభై మెట్లు పరిగెత్తారు. పై కిటికీలోంచి నల్లటి పొగ వానలోకి తోసుకొస్తోంది. ఉమ్ జిర్యెస్ వీధిలో నిలబడి గుండెలు బాదుకుంటోంది. "ఇద్దరూ లోపలే! ఇద్దరూ లోపలే నాయనా!"

ముఫ్లిహ్ పద్దెనిమిది మెట్లూ ఎక్కాడు. గది కుడివైపంతా మంట, పొగ నడుము దాకా దిగింది. కిటికీ కింది మూలలో రువైదా కూర్చునే ఉంది. కళ్ళు మూసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. ఒళ్ళో నీలం తువ్వాలు.

నేలమీదికి వంగి మాస్కు ఒక్క క్షణం పైకి ఎత్తాడు. "రువైదా. నేను ముఫ్లిహ్‌ని. బయటికి వెళ్దాం."

పది లెక్కపెట్టాడు. ఆయన జన్మలో అంత పొడుగైన పది ఇంకోటి లేదు. ఏడు దగ్గర పైకప్పు తాలూకు చెక్క ఒకటి పరుపు చివర పడింది. పది దగ్గర ఆమె లేచి, తువ్వాలు కొస అందించింది.

ఎంత చక్కగా దిగింది! ఏడుపు లేదు, తొట్రుపాటు లేదు. ఒక్కో మెట్టూ ఆయన వెనకే. ముఫ్లిహ్ గుండె పొంగిపోయింది, అంత గడబిడలోనూ పొంగిపోయింది. నేర్పాను, నేను నేర్పాను అనుకున్నాడు.

గుమ్మం బయట ఆడవాళ్ళు నలుగురు శాలువాలతో సిద్ధంగా ఉన్నారు. రువైదా చెప్పులేసుకుంది. "ఇటివ్వు నాయనా, మా పిల్లనిటివ్వు," అని ఉమ్ జిర్యెస్ చెయ్యి చాచింది.

ముఫ్లిహ్ తువ్వాలు వదల్లేదు. శనివారం ఫోన్ చెవిలో మోగుతోంది. కానీ ఇన్సాఫ్ వంటింటి వైపు ఎక్కడో పడి ఉంది, షిబ్లీ ఒక్కడే వెతుకుతున్నాడు. ఆడవాళ్ళ చూపులు తువ్వాలు మీద, ఆయన చేతి మీద ఉన్నాయి.

"పిన్నీ, ఈ కొస పట్టుకో. ప్రాణం పోయినా వదలొద్దు. ఇది మళ్ళీ లోపలికి వెళ్తుంది. విన్నావా? వెళ్తుంది."

"వదుల్తానా నాయనా! నా చేతుల్లో పెరిగిన పిల్ల!"

ఆయన లోపలికి పరిగెత్తాడు. వంటింటి గడపలో ఇన్సాఫ్ బోర్లా పడి ఉంది. షిబ్లీ భుజాలు, ఈయన కాళ్ళు పట్టుకుని పొగలో తడుముకుంటూ మెట్లు దించారు. వీధిలో వానకింద పడుకోబెట్టారు. మొహం మసితో నల్లబడి ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి. షిబ్లీ చెవి ఆనించి, "ఊపిరుంది! కొంచెముంది!" అని అరిచాడు.

ఉమ్ జిర్యెస్ కెవ్వుమంది. నలభై ఏళ్ళ గోడ అవతలి అక్క, ఆ మొహం చూసి రెండు చేతులూ చాచి పరిగెత్తుకొచ్చి ఆమె మీద పడిపోయింది. నలుగురు ఆడవాళ్ళూ మూగేశారు. ఒకరు మొహం తుడుస్తున్నారు, ఒకరు ప్రార్థన గొణుగుతున్నారు. వాళ్ళనేమనగలం? ఆ చోట రాయైనా పరిగెత్తుకొస్తుంది.

రెండు చేతులూ. ముఫ్లిహ్ అది చూశాడు.

గుమ్మంవైపు తిరిగాడు. తువ్వాలు నీళ్ళల్లో పడి ఉంది. గడప బయట రెండు చెప్పులు, పక్కపక్కన, ముక్కులు ఇంటివైపు.

"అబూ సఖర్, నీ సిలిండర్‌లో గాలి అయిపోవచ్చింది!" అని షిబ్లీ అరుస్తున్నాడు. లెఫ్టినెంట్ బర్జస్ కూడా ఏదో అరిచాడు. ముఫ్లిహ్ తువ్వాలు తీసుకుని మెట్లెక్కాడు.

ఈసారి గదిలో నిలబడ్డానికి లేదు. పొట్టమీద పాకుతూ గోడ వెంబడే వెళ్ళాడు. సిలిండర్ ఈలవేయడం మొదలుపెట్టింది. గాలి ఇంక నిమిషాల్లోకి వచ్చిందని ఆ ఈలకి అర్థం. ఆ ఈల రువైదా ఎన్నడూ వినలేదు. పరుపు ఒక అంచు మండుతోంది. రెండో అంచున ఆమె దగ్గుతూ, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. కుడిచెయ్యి ముందుకి చాచి ఉంది. తువ్వాలు కొస కోసం.

తర్వాతివాడి కోసం చూస్తోంది. ముఫ్లిహ్‌కి నోట్లోంచి ఏడుపులాంటి చప్పుడొచ్చింది. ఆ పిల్లకి ఇందులో భయపడాల్సిందేమీ లేదు. మొదటివాడొచ్చాడు, దించాడు, ఇప్పుడు రెండోవాడు వస్తాడు. వాళ్ళెప్పుడూ వస్తారు. వాళ్ళే చెప్పారు.

పది లెక్కపెట్టడానికి గాలి లేదు. మెట్ల వైపు మంట తిరిగింది. ముఫ్లిహ్ తువ్వాలు నీళ్ళోడుతుండగా ఆమె మొహమ్మీద కప్పి, రెండు చేతులతో వాటేసి ఎత్తుకున్నాడు. నాలుగు నెలలుగా వేలి కొన కూడా తగిలించని పిల్లని. ఆమె అరిచిన అరుపు వీధి చివరిదాకా వినబడింది. ఆయన చెవి కింద కండ ఊడొచ్చేలా కొరికింది, గోళ్ళతో రక్కింది. ఎనిమిదో మెట్టు మీద కాలు జారి వీపుమీద కిందిదాకా జారిపోయాడు. వదల్లేదు.

"ఇటివ్వు నాయనా, పాపిష్టిదాన్ని నేను, ఇటివ్వు," అంటూ ఉమ్ జిర్యెస్ చేతులు చాచి వచ్చింది.

"ఇవ్వను."

"అబూ సఖర్... నలుగురూ చూస్తున్నారు," అన్నాడు బర్జస్ మెల్లిగా.

"చూడనివ్వండి సార్. కళ్ళు పోయేదాకా చూడమనండి."

ఇన్సాఫ్‌ని స్ట్రెచర్ మీద మెట్లు దించుతున్నారు. ఆమె కళ్ళు తెరవలేదు. ముఫ్లిహ్ రువైదాని నేలమీద నిలబెట్టి, తువ్వాలు కొస ఆమె చేతిలో పెట్టి, రెండో కొస తన మణికట్టుకి రెండుచుట్లు చుట్టుకున్నాడు. ఆమె అరుపు ఆగింది. దగ్గింది. తల వంచుకుని చెప్పులేసుకుంది. నిలబడింది.

నిలబడి అరచెయ్యి చాపింది.

"అయిపోయింది, రువైదా," అన్నాడు ముఫ్లిహ్. "అయిపోయింది తల్లీ."

ఆమె చెప్పులు విప్పింది. ముక్కులు ఇంటివైపు. తువ్వాలు లాగింది.

అప్పుడు ఆయనకి ఆ మాట విలువ తెలిసొచ్చింది. ప్రతి మంగళవారం పదిసార్లు "అయిపోయింది" అన్నాడు, పదిసార్లూ కాలేదు. ఆయన ఎన్నిసార్లు చెప్పినా అది ఆ పిల్లకి మెట్లెక్కమనే మాటే. ఆమె మళ్ళీ లాగింది. ఒంటి బలమంతా పెట్టి, మండుతున్న ఇంటివైపు, ఏమాత్రం భయం లేకుండా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది ఆయన పని, నిజంగానే అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"పిన్నీ! నారింజ! ఇంట్లో నారింజ ఉందా? సోబా కూడా తీసుకురా. వెలిగించి తీసుకురా!"

"ఇప్పుడా? నీకు మతి పోయిందా నాయనా?"

"తే పిన్నీ!"

ఉమ్ జిర్యెస్ కొంగుకింద నారింజ దాచుకుని వచ్చింది. షిబ్లీ ఆమె ఇంటి సోబాని మోసుకొచ్చి ఎదురరుగు కింద, వాన పడనిచోట పెట్టాడు. వాడి నోట్లోంచి ఈసారి ఒక్క పరాచికం రాలేదు. ముఫ్లిహ్ పళ్ళతో తొక్క ఊడబెరికాడు. తొనలు ఒక్కొక్కటీ రువైదా చేతిలో పెట్టాడు. ఆమె ఒక్కో తొన తిని ఒక్కోసారి ఇంటివైపు లాగింది. ఒక్కోసారీ ఆయన మణికట్టు మీద తువ్వాలు బిగుసుకుంది. తొమ్మిది తొనలు. తొమ్మిదిసార్లు లాగింది. వీధి వీధంతా చూసింది.

ఆఖరి తొన అయ్యాక ఆయన తొక్కని సోబా నెత్తిన పెట్టాడు.

కాలిన చెక్కల వాసన, కిరసనాయిలు వాసన, తడి మసి వాసన. వాటి మధ్యలోంచి నారింజ వాసన రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది. రువైదా గాఢంగా ఊపిరి పీల్చుకోబోయి దగ్గింది. మళ్ళీ పీల్చుకుంది. వంగి, చెప్పులు రెండూ వీధివైపు తిప్పి, తొడుక్కుంది. తువ్వాలు వదిలేసి తల్లి కోసం అటూ ఇటూ చూసింది, ఊటబావి దాకా షికారుకి.

ముఫ్లిహ్ మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉమ్ జిర్యెస్ రువైదా పక్కన కొంగు కొస పట్టించి నిలబడింది.

"టీచరమ్మకి ఫరవాలేదట, ఆక్సిజన్ పెట్టారట," అని బర్జస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "నీకేం కాలేదుగా? ఆ చెవి చూపించుకో."

ముఫ్లిహ్ తలెత్తాడు. "సార్. మీరు రాసిన ఆ ఆరు పేజీలు."

"ఆ."

"ఎక్కడికీ పంపలేదు కదా? మంగళవారం తర్వాత అన్నారు కదా?"

బర్జస్ మొహంలో రంగు మారింది. "డిసెంబర్‌లోనే పంపాను. పదకొండు స్టేషన్లకి. అందరూ మొదలుపెట్టారు. మంగళవారం నీకు చెప్పి సంతోషపెడదామని..."

ముఫ్లిహ్ ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. బొబ్బలెక్కిన వేళ్ళతో మొదటి నంబరు నొక్కాడు. ఉత్తరాన కొండల్లో స్టేషన్, అక్కడి సార్జెంట్ దావూద్ ఆయనతోపాటే ఉద్యోగంలో చేరినవాడు.

"అబూ సఖర్!" దావూద్ గొంతు ఉత్సాహంగా పలికింది. "నీకు నూరేళ్ళు! ఇప్పుడే నీ పేరు తలుచుకున్నాం. మా దగ్గర రొట్టెల బట్టీవాడి కొడుకున్నాడు, ముప్పై ఏళ్ళ మనిషి, అచ్చం మీ పిల్లలాగే. మేం తొనలకి బదులు వేడి రొట్టెముక్క ఇస్తున్నాం. ఆరు వారాలు చచ్చాం, తిరిగి లోపలికి వెళ్ళడే! ఇవాళ పొద్దున్న పని పట్టాలెక్కిందయ్యా. చెప్పక్కర్లేకుండా తనే వెనక్కి వెళ్ళాడు!"

"దావూద్, విను. అతనిప్పుడు ఎక్కడున్నాడు?"

"ఎక్కడుంటాడు? బట్టీ పైగదిలో, తన చోట్లో. తెలివైనవాడు, మళ్ళీ మేం వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలడు."